గడప లోపలి కూలి

కువైటుకు పోయిన స్త్రీని గురించి తెలుగులో కథలు వచ్చాయి, పాటలు వచ్చాయి. వాటిలో ఆమె ఏడుస్తుంది, లేదా డబ్బు పంపుతుంది. రెండూ నిజమే. కాని రెంటిలోనూ కానరానిది ఒకటున్నది. అది ఆమె కూలి. ఆమె రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తుంది? గంటకు ఎంత గిడుతుంది? ఆ రేటు ఎవరు కట్టారు? ఆ పని మానుకొని మరో పని వెతుక్కునే హక్కు ఆమెకున్నదా? బొగ్గుగని కార్మికుణ్ణి గురించి రాసేటప్పుడు మనం ఈ ప్రశ్నలు మరిచిపోము. ఇంటిపని చేసే ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం జాలి ముందుకు వస్తుంది, లెక్క వెనక్కు పోతుంది.

ఇది కేవలం రచయితల లోపమైతే ఇంత చెప్పనక్కర లేదు. ప్రభుత్వాలు చేసినదీ ఇదే. విదేశాలలో ఇంటిపనికి పోయే స్త్రీని అక్కడి ప్రభుత్వం కుటుంబంలో మనిషి అన్నది, ఇక్కడి ప్రభుత్వం కాపాడవలసిన అబల అన్నది. ఆమెను కార్మికురాలు అనడానికి మాత్రం ఇద్దరికీ చాలా కాలం నోరు రాలేదు. నా వాదమంతా ఈ ఒక్క మాట మీదనే.

ఈ చరిత్ర కువైటుతో మొదలు కాలేదు. ఇంగ్లీషు దొరలు మన దేశంలో ఉన్న కాలంలో, సెలవుకు స్వదేశం పోయే దొరసానులు పిల్లలను చూసుకోవడానికి ఆయాలను ఓడలో వెంట తీసుకుపోయేవారు. ప్రయాణం ముగియగానే అవసరం తీరిపోయేది. తిరుగు ప్రయాణానికి డబ్బులివ్వకుండా లండనులో వదిలేసినవారు ఎందరో ఉన్నారు. అట్లా దిక్కులేకుండా మిగిలినవారి కోసం లండనులో ఒక ఆయాల వసతిగృహం వెలసింది. 1900 నుంచి దాన్ని హాక్నీ పేటలో క్రైస్తవ మిషను ఒకటి నడిపింది. అక్కడ ఆమెకు అన్నం పెట్టారు, పడక ఇచ్చారు, ప్రార్థన నేర్పారు, తిరిగి పోయే మరో దొరసానిని వెతికి పెట్టారు. వదిలేసిపోయిన యజమాని చేత మాత్రం కూలి కక్కించలేదు. అంత ప్రయాణమూ చేసిన మనిషికి దక్కినది ధర్మం, న్యాయం కాదు. 2022లో ఆ ఇంటి గోడకు స్మారక ఫలకం పెట్టారు. సంతోషమే. కాని ఆ ఇల్లు ఎందుకు అవసరమైందన్న ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు.

ఇక గల్ఫు సంగతి. అక్కడ విదేశీ పనివాళ్లను కట్టి ఉంచే పద్ధతిని కఫాలా అంటారు. విదేశీయుడు దేశంలో ఉండాలంటే ఒక స్థానికుడు పూచీ ఉండాలి. ఆ పూచీదారు కఫీల్. అకామా, అంటే నివాసపత్రం, అతని పేరుతోనే నడుస్తుంది. ఇది ఎడారి ఆచారమనీ, మతం నుంచి వచ్చిందనీ చాలామంది నమ్మకం. బహ్రెయినుకు చెందిన పరిశోధకుడు ఒమర్ అల్‌షెహాబీ 2019లో ప్రకటించిన వ్యాసం ఆ నమ్మకాన్ని గట్టిగా ఎదుర్కొన్నది. ముత్యాల వేటకు వచ్చే పరదేశపు పనివాళ్లపై చౌకగా నిఘా పెట్టడానికి బ్రిటిషు అధికారులు బహ్రెయినులో కట్టిన ఏర్పాటులోనే నేటి కఫాలాకు మూలమున్నదని ఆయన చూపించాడు. పోలీసు చేయవలసిన పని యజమాని మీద పెట్టారన్న మాట. అంటే మన కూలీలను తోటలకు తరలించిన సామ్రాజ్యమే ఈ తాడునూ పేనింది. ఆ సామ్రాజ్యపు ఆర్థిక బంధం ఎంత దగ్గరిదంటే, కువైటులో 1961 దాకా చెల్లిన నాణెం మన రూపాయే.

1973లో చమురు ధరలు పెరిగిన తరువాత డబ్బు వరదలా వచ్చింది. కంపెనీలు మగవాళ్లను పిలిచాయి, ఇళ్లు ఆడవాళ్లను పిలిచాయి. కువైటు స్త్రీలు చదువుకొని బడులలో, ఆఫీసులలో ఉద్యోగాలకు వచ్చారు. అది ప్రగతే. కాని వాళ్లు విడిచిన ఇంటిపనిని భర్తలు పంచుకోలేదు. ఆ పని సముద్రం దాటి వచ్చిన మరో స్త్రీ నెత్తిమీద పడింది. ఒక వర్గపు స్త్రీ స్వేచ్ఛకు మరో వర్గపు స్త్రీ చేత వెల కట్టించడం కొత్త సంగతి కాదు. మన పట్టణాలలో ఉద్యోగం చేసే స్త్రీ ఇంట్లోనూ ఇదే జరుగుతున్నది.

మన వైపు నుంచి ఎవరు పోయారు? పాత కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట ప్రాంతాల వాళ్లు, పాత ఉభయగోదావరి జిల్లాలలో కోనసీమ, నరసాపురం ప్రాంతాల వాళ్లు. ఒకటి నీళ్లు లేని సీమ, ఇంకొకటి నీళ్లు పారే సీమ. కడపలో కరువు, ఎండిన బావులు, వేరుశనగ అప్పులు. గోదావరి డెల్టాలో పచ్చని పొలమే ఉన్నది గాని, దాని మీద దళిత, వెనకబడిన కులాల కూలికి సెంటు భూమి లేదు. వరిచేలు రొయ్యల చెరువులైన చోట నాట్లూ కోతలూ పోయి ఆడకూలి పని తగ్గింది. కాబట్టి వలసకు వానను ఒక్కదాన్నే తప్పుపట్టి లాభం లేదు. భూమి ఎవరి చేతిలో ఉన్నదో అడగాలి.

పని ఎట్లా దొరుకుతుంది? పత్రికా ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకునే వ్యవహారం కాదిది. ముందు పోయిన అక్కో, పిన్నమ్మో అక్కడ తన యజమాని బంధువులను అడిగి వీసా తీయిస్తుంది. లేదా ఊళ్లో సబ్ ఏజెంటు ఇంటికి వస్తాడు. అతనికి పై ఏజెంటు పట్నంలో ఉంటాడు, ఆ పైవాడు కువైటు ఆఫీసులో ఉంటాడు. కువైటులో ఇంటిపనికి ఇచ్చేది 20వ నంబరు వీసా, కంపెనీ పనికి ఇచ్చేది 18. ఈ రెండంకెల తేడాలోనే మనిషి బతుకు తేడా ఉన్నది. 18 మీద పోయినవాడు కార్మిక చట్టం కిందికి వస్తాడు. 20 మీద పోయిన ఖద్దామా చాలా కాలం ఏ చట్టం కిందికీ రాలేదు. పైగా ఆమెను తెప్పించుకోవడానికి యజమాని అక్కడి ఆఫీసుకు పెద్ద మొత్తం కడతాడు. కట్టినవాడు కొన్నాననుకుంటాడు. ఆమె పోతానంటే, నా డబ్బు ఎవరిస్తారంటాడు. గడప దాటితే పరారీ కేసు పెడతాడు. అట్లా బయటపడ్డ మనిషికి మన వాళ్లు పెట్టుకున్న పేరు ఖల్లివల్లి. జీతం బాకీ పడినవాడు ఇంట్లోనే ఉంటాడు, నేరం మాత్రం జీతం రానిదాని మీద పడుతుంది.

ఇప్పుడు చట్టాలు చూద్దాం. కువైటు 1964లో ప్రైవేటు కార్మిక చట్టం చేసి ఇంటిపనివాళ్లను అందులోంచి తీసేసింది. 2010లో కొత్త చట్టం చేసి మళ్లీ తీసేసింది. 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతపు సెలవు, పని విడిచేటప్పుడు ఏడాదికి ఒక నెల చొప్పున బహుమానం, పాస్‌పోర్టు యజమాని పట్టుకోరాదు. 2016లో కనీస జీతం నెలకు 60 దీనార్లు అన్నారు. ఇది ముందడుగే. కాదన్నవాడు చరిత్ర తెలియనివాడు. కాని లెక్క చూడండి. రోజుకు 12 గంటలు, నెలకు 26 రోజులు, అంటే 312 గంటలు. గంటకు 200 ఫిల్సు కూడా లేదు. ఆ దేశంలోనే కంపెనీ కార్మికునికి 2017లో కనీస జీతం 75 దీనార్లు చేశారు. అతనికి రోజుకు 8 గంటలే గనుక, గంటకు 360 ఫిల్సులు పడుతుంది. చట్టం లోపలికి వచ్చిన తరువాత కూడా ఇంటిపని గంట విలువ బయటి పని గంటలో సగానికి కొంచెం పైన ఆగింది. ఫ్యాక్టరీలోకి తనిఖీ అధికారి పోగలడు. ఇంటి గడప దగ్గర కుటుంబ మర్యాద అడ్డం నిలబడుతుంది. ఎవరూ చూడని పన్నెండు గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో యజమాని ఇష్టం.

జీతం పనిని బట్టి కాక పాస్‌పోర్టును బట్టి ఉండడం ఇంకో అన్యాయం. ఫిలిప్పీన్సు ప్రభుత్వం 2006లోనే తమ ఇంటిపనివాళ్లకు నెలకు 400 డాలర్లు తక్కువ కాకూడదని నిర్ణయించింది. 2018లో కువైటులో తమ స్త్రీ హత్య బయటపడినప్పుడు మనుషులను పంపడం ఆపి, పాస్‌పోర్టూ ఫోనూ పనిమనిషి దగ్గరే ఉండాలని ఒప్పందం రాయించుకున్నది. ఆ ప్రభుత్వం ధర్మప్రభువని నేననను. మనుషులను ఎగుమతి చేసి డాలర్లు దిగుమతి చేసుకునేదే అదీ. కాని అక్కడి స్త్రీలు సంఘాలు పెట్టి అడగగలిగారు, అడిగించుకున్నవాడు కదిలాడు.

మన ప్రభుత్వం ఏం చేసింది? 1983 వలస చట్టంలో పని అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఇంటిచాకిరీ ఉన్నది. అంతవరకు మంచిదే. కాని ఆచరణలో హక్కుల బదులు ఆంక్షలు వచ్చాయి. ముఖ్యంగా పదో తరగతి గట్టెక్కని స్త్రీ 30 ఏళ్లు నిండనిదే గల్ఫులో పనికి పోరాదన్నారు. యజమాని 2,500 డాలర్ల పూచీ కట్టాలన్నారు. కువైటు విషయంలో దాన్ని 2017లో ఎత్తేశారు. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే ఇంటిపనికి పంపాలన్నారు. ఉద్దేశం రక్షణే. ఫలితం? అప్పు ఆగలేదు, ఆకలి ఆగలేదు, ప్రయాణమూ ఆగలేదు. దారి మాత్రం మారింది. విజిటు వీసా మీద దుబాయికో మస్కటుకో పోయి అక్కడి నుంచి మరో ఇంటికి. కాగితం లేని ఆ దారిలో ఏజెంటుకు గిరాకీ పెరిగింది, ఆమెకు ఫిర్యాదు చేసుకునే చోటు పోయింది. గేటు మూసినంత మాత్రాన రక్షణ కాదు. గేటు దాటిన మనిషి చేతిలో ఏమున్నదన్నదే రక్షణ.

దీనికంటె స్పష్టమైన సాక్ష్యం 2020లో దొరికింది. గల్ఫు దేశాలలో మనవాళ్లకు ఇంతకు తక్కువ ఇవ్వరాదని మన ప్రభుత్వమే పెట్టుకున్న సూచిక జీతాలను ఆ ఏడు మన ప్రభుత్వమే మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించింది. పోటీలో ఉద్యోగాలు పోకూడదన్నది కారణం. తెలంగాణ హైకోర్టు దాకా వ్యాజ్యం పోయింది, వలస కార్మికుల సంఘాలు గొంతెత్తాయి, 2021లో పాత జీతాలు తిరిగి వచ్చాయి. అబల అని జాలిపడేవాడు కూలి తగ్గించడానికి వెనకాడలేదు. తగ్గిన కూలిని తిరిగి తెచ్చింది జాలి కాదు, అడగడం.

ఇక్కడ చదువరి తనవైపు కూడా చూసుకోవాలి. 2013లో న్యూయార్కులో మన దౌత్యాధికారి ఒకరిని అరెస్టు చేశారు. ఇంటిపనికి తీసుకుపోయిన స్త్రీకి వీసా కాగితాలలో గంటకు 9.75 డాలర్లని చూపి, విడిగా చాలా తక్కువకు ఒప్పందం రాసుకున్నారన్నది అభియోగం. ఆ అధికారిని సోదా చేసిన తీరుపై దేశం కోపగించింది. ఆ కోపంలో న్యాయమున్నది. ఢిల్లీలో అమెరికా రాయబారి కార్యాలయం ముందున్న అడ్డుకట్టలు కూడా తీసేశారు. కాని ఇద్దరూ భారతీయులే అయినప్పుడు, జాతి గౌరవం యజమాని పక్షానే ఎందుకు నిలిచింది? కూలి అడిగిన మనిషి ఈ జాతిలోది కాదా? ఇంటిపనివాళ్ల స్థితిగతులపై మన పార్లమెంటులో 1959లోనే ప్రైవేటు బిల్లు వచ్చింది, నెగ్గలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో కనీస వేతనం ప్రకటించారు. ఆ రేటు ఎంతో మన ఇంట్లో పనిచేసే మనిషికి చెప్పిన ఉపాధ్యాయులు ఎందరు? కడప గడపలో ఒప్పుకోని హక్కును కువైటు గడపలో అడిగే నైతికబలం మనకు ఎక్కడిది?

చరిత్ర నిరాశ కలిగించేదేమీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల గురించి 1948లో ఒక తీర్మానం, 1965లో ఇంకో తీర్మానం చేసి ఊరుకున్నది. ఆ తరువాత లాటిన్ అమెరికాలో, ఆఫ్రికాలో, ఆసియాలో ఇంటిపనివాళ్లు తామే సంఘాలు కట్టి జెనీవా మెట్లెక్కారు. 2011 జూన్ 16న 189వ ఒడంబడిక వచ్చింది. ఇంటిపని పనే, ఇల్లు పనిచోటే అని ప్రపంచం చేత రాయించారు. అనుకూలంగా 396 ఓట్లు, వ్యతిరేకంగా 16. మన దేశం అనుకూలంగా చెయ్యెత్తింది గాని ఇంతవరకూ దాన్ని ధృవీకరించలేదు. కతార్ 2021లో ఏ దేశస్థులైనా, ఇంటిపనైనా బయటి పనైనా, నెలకు 1,000 రియాళ్లు తగ్గరాదన్నది. అమలు ఎంతో వేరే ప్రశ్న. కాని పాస్‌పోర్టును బట్టి కాక పనిని బట్టి రేటు కట్టవచ్చునని రుజువైంది.

కాబట్టి మనం అడగవలసినవి జటిలమైనవి కావు. 189వ ఒడంబడికను ధృవీకరించాలి. ఒప్పందపత్రం తెలుగులో ఆమె చేతికి రావాలి. జీతం ఆమె పేర బ్యాంకులో పడాలి. యజమానిని మార్చుకోవడం నేరం కాకూడదు. వయసు ఆంక్షకు బదులు, బయలుదేరే ముందే ఊళ్లో సంఘ సభ్యత్వం ఉండాలి. విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఈ జిల్లాలలో చేయగల పని ఒకటున్నది. ప్రయాణం పెట్టుకున్న మనిషి దగ్గర కూర్చోవాలి. వీసా నంబరు 18నా 20నా, ఒప్పందంలో జీతం ఎంత రాశారు, ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉన్నదా అని కాగితం చదివిపెట్టాలి. చిన్న పనే. నా తరగతిలో అమ్మ కువైటులో ఉన్న పిల్లలు ఏటా ఉంటారు. వాళ్లకు అమ్మ త్యాగం గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర లేదు. అమ్మ కార్మికురాలనీ, ఆమెకు రావలసినది ఎవరి దయా కాదనీ చెప్పవలసిన బాధ్యత మనది.