గిండీ జాక్‌పాట్: అయిదు రేసులు, ఒక జీతం



2024 సెప్టెంబరులో గిండీ రేసుకోర్సు లీజును ప్రభుత్వం రద్దుచేసి సీలు వేసిన దగ్గర్నుంచీ మన పిల్లకాయలు దాని గురించి అడుగుతూ వున్నారు. పేపర్లలో వచ్చింది స్థలం కథ. 160 ఎకరాలకు పైగా భూమి, పాత లీజు ప్రకారం ఏడాదికి 614 రూపాయల 13 అణాల బాడుగ, 730 కోట్లకు పైగా బాకీ అని ప్రభుత్వం లెక్క. అదే ఏడాది ఊటీ రేసుకోర్సు స్థలాన్ని కూడా ప్రభుత్వం తీసుకుంది. ఆ వ్యాజ్యం సంగతి కోర్టులు చూసుకుంటాయి. మేము రాయబోయేది వేరే లెక్క. అయిదు రేసులు కలిపి ఒకే టికెట్టు మీద కాసే జాక్‌పాట్ పందెం మన ఇళ్ళకు ఏం తెచ్చింది, ఏం తీసుకుపోయింది అన్నది.

మేము అంటే పెరంబూరు, అయినవరం పక్క వుంటూ రైల్వే ఆఫీసుల్లో గుమాస్తాలుగా చేసి రిటైరైన తెలుగువాళ్ళం. బడిలో చదివింది తమిళం, ఇంట్లో మాట్లాడింది తెలుగు. రేసు భాష మాత్రం రెండూ కాదు. విన్, ప్లేసు, ట్రెబుల్, జాక్‌పాట్ అన్నీ ఇంగ్లీషు దొరల మాటలే.

గిండీలో గుర్రప్పందాలు 1777లోనే మొదలైనవి. మద్రాస్ రేస్ క్లబ్బు ఏర్పడింది 1896లో. మొదట అది దొరలకు, జమీందార్లకు వినోదం. జీతగాళ్ళకు అందుబాటులోకి వచ్చిందంటే దానికి రైలు కూడా ఒక కారణం. 1931లో బీచి–తాంబరం మధ్య కరెంటు బండి వచ్చింది. గిండీ స్టేషను రేసుకోర్సుకు దగ్గర. శనివారం ఒక పూట ఆఫీసు ముగించుకుని బండెక్కితే మొదటి రేసుకు ముందే చేరిపోవచ్చు.

రెండో కారణం టోట్. బుకీ దగ్గర కాస్తే అతను చెప్పిన రేటు మీద అతనితోనే పందెం. టోట్‌లో అట్లా కాదు. కాసినవాళ్ళ డబ్బంతా ఒక కుండలో పడుతుంది. అందులో క్లబ్బు ఖర్చు, సర్కారు పన్ను తీసి, మిగిలింది గెలిచిన టికెట్లకు పంచుతారు. ఈ పద్ధతి 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఒల్లేర్ అనే ఆయన పెట్టినది. దాన్ని యంత్రంగా చేసిన జార్జ్ జూలియస్ మన రైల్వే మనిషే అంటే మీకు ఆశ్చర్యంగా వుంటుంది. ఆయన పశ్చిమ ఆస్ట్రేలియా రైల్వేలో ఇంజనీరుగా పనిచేసినాడు. ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టడానికి ఒక యంత్రం గీస్తే అక్కడి ప్రభుత్వం వద్దన్నది. దాన్నే మార్చి పందెం టికెట్లు లెక్కపెట్టే యంత్రం చేసినాడు. 1913లో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ నగరంలో ఎల్లర్స్లీ రేసుకోర్సులో అది మొదట నడిచింది. ఓటుకు పనికిరాదన్న యంత్రం లోకమంతా పందేనికి పనికొచ్చింది.

ఒక రేసులో ఒక గుర్రం మీద కాయడం పాత ఆట. టోట్ వచ్చినాక రేసులను గొలుసు కట్టడం సులువైంది. మూడు రేసుల్లో గెలిచే గుర్రాలను ముందే చెబితే ట్రెబుల్. అయిదు రేసుల్లో చెబితే జాక్‌పాట్. ఏ అయిదు రేసులన్నది క్లబ్బే ముందు ప్రకటిస్తుంది. మన దేశంలో వాడుక ఏమంటే, జాక్‌పాట్ కుండలో 70 శాతం అయిదూ సరిగా చెప్పినవాళ్ళకు, 30 శాతం నాలుగు చెప్పినవాళ్ళకు. అయిదూ చెప్పినవాళ్ళు ఎవరూ లేకపోతే ఆ 70 శాతం తరువాతి రేసుదినానికి జమ అవుతుంది. అట్లా జమ పడిన రోజు జనం ఇంకా జాస్తిగా వస్తారు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. గుమాస్తాలం కదా, లెక్క లేకుండా మాట్లాడలేము.

ఒక్కో రేసులో ఎనిమిది గుర్రాలు అనుకోండి. అయిదు రేసులకు 8ని అయిదుసార్లు గుణిస్తే 32,768 రకాల ఫలితాలు. ఇది గుడ్డిగా కాసేవాడి లెక్క. తెలిసినవాడు ఫేవరెట్ గుర్రాన్ని పట్టుకుంటాడు. ఫేవరెట్ సుమారు మూడు రేసులకు ఒకటి గెలుస్తుంది. కాబట్టి అయిదింట్లోనూ ఫేవరెట్లే గెలిచే అవకాశం 243కు ఒకటి. దీనికి విరుగుడుగా ఒక్కో రేసుకు రెండు మూడు గుర్రాలు రాస్తారు. నమ్మకమైన రేసులో ఒక్కటే గుర్రం, దాన్ని బేంకర్ అంటారు. ఒకటి, రెండు, రెండు, మూడు, మూడు అని రాస్తే 36 టికెట్లు. టికెట్టు పది రూపాయలనుకుంటే 360 రూపాయలు. ఒక్క గుర్రం చేర్చినా ఖర్చు మూడోవంతైనా పెరుగుతుంది, బేంకర్ రేసులో చేర్చితే రెండు రెట్లు అవుతుంది.

జాక్‌పాట్‌లో నిజంగా ఒక మేలు కూడా వుంది. దాన్ని దాచి తిట్టడం న్యాయం కాదు. కుండలోంచి క్లబ్బు, సర్కారు కలిసి నూటికి 20 తీస్తారనుకుందాం. ఒకడు 100 రూపాయలతో మొదలుపెట్టి, వచ్చినదాన్నంతా తరువాతి రేసులో పెడుతూ అయిదు రేసులు ఆడితే ప్రతి రేసులోనూ కోత పడుతుంది. సగటున 100 పోయి 80, తరువాత 64, 51, 41, చివరకు 33 మిగులుతుంది. జాక్‌పాట్‌లో అయిదు రేసులకూ కలిపి కోత ఒక్కసారే, సగటున 80 మిగులుతుంది. జమ పడిన రోజు అంతకన్నా మెరుగు, ఎందుకంటే నిన్నటివాళ్ళు పోగొట్టుకున్నది కూడా కుండలో వుంటుంది. తెలివైనవాళ్ళు జాక్‌పాట్ వైపు పోవడానికి ఇదే కారణం, వాళ్ళు మూర్ఖులు కారు.

అయితే ఆ సగటు ఎవరి సగటు? 243కు ఒక అవకాశం వున్నవాడు ఏడాదికి 50 రేసుదినాలు, రోజుకొక టికెట్టు ఆడితే, అట్లాటివాళ్ళు అయిదుగురిలో నలుగురికి ఆ ఏడాది ఒక్క జాక్‌పాట్ కూడా రాదు. 243 రేసుదినాలు ఆడినా మూడోవంతుకు పైగా మందికి అసలు రానే రాదు. సగటు అనేది కుండకు వుంటుంది, మనిషికి వుండదు. రేసు లెక్క ఏళ్ళ మీద తేలేది. మన జీతం నెలకొకసారి వచ్చి నెలలోపల తీరిపోయేది. ఈ రెండు లెక్కలూ ఒకే జేబులో ఇమడవు. మేము చెప్పదలచింది ఈ ఒక్క మాటే.

ఇంకొకటి గమనించాలి. అయిదు ఫేవరెట్లూ గెలిచిన రోజు చాలామంది చెప్పి వుంటారు కాబట్టి పంచితే తలా కొంచెమే. పెద్ద మొత్తం వచ్చేది ఎవరూ అనుకోని గుర్రం గెలిచిన రోజే. అంటే గెలవడం మాత్రం చాలదు, నలుగురూ తప్పిన చోట మనం సరిగా చెప్పాలి. దానికితోడు హేండికేప్ రేసుల్లో మంచి గుర్రానికి ఎక్కువ బరువు పెడతారు. గుర్రాలన్నీ దగ్గరదగ్గరగా చేరాలన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం. మనం తేడా వెతుకుతూ వుంటే, ఆ తేడాను చెరపడానికి జీతమిచ్చి ఒక ఆఫీసరునే పెట్టి వున్నారు.

మా సెక్షనులో అయిదుగురు కలిసి చీటీ కట్టినట్టు కూటు వేసి జాక్‌పాట్ రాసేవారు. ఒకసారి మొదటి నాలుగు రేసులూ తగిలినవి. అయిదోది ఫోటోకు పోయింది, ముక్కు తేడాలో పోయింది. నాలుగు చెప్పినవాళ్ళు ఆ రోజు చాలామంది కావడంతో, వచ్చినది పంచుకుంటే పెట్టినదాంట్లో సగం కూడా లేదు. కానీ ఆ సోమవారం వాళ్ళు ఓడిపోయినవాళ్ళలాగా రాలేదు. "ముక్కు తేడాలో తప్పిందిరా" అని గెలిచినవాళ్ళలాగా చెప్పుకున్నారు. ఒకే రేసు కాసినవాడు ఓడితే ఓడినట్టే. గొలుసు పందెంలో నాలుగు గెలిచి ఒకటి ఓడినవాడికి తాను ఓడినట్టే తోచదు. వచ్చే శనివారానికి అతన్ని మళ్ళీ గిండీ బండెక్కించేది ఆ భ్రమే.

గెలిచినవాళ్ళూ వున్నారు. మాకు తెలిసిన ఒకాయనకు నిజంగానే తగిలింది. ఇంటికి మిక్సీ, గ్రైండరు వచ్చినవి, పెద్దమ్మాయి పెళ్ళి అప్పు తీరింది. వీధిలో ఆయన పేరే జాక్‌పాట్ మామ అయిపోయింది. ఆయన్ను చూసి ఇంకో పదిమంది మొదలుపెట్టినారు. ఆ పదిమంది కథ మాత్రం వీధికి తెలియదు. గెలుపు వీధంతా వినిపిస్తుంది, ఓటమి ఒక్క వంటింటికే తెలుస్తుంది. పీ.ఎఫ్. అప్పు, తరువాత సొసైటీ అప్పు, తరువాత కందువడ్డి, చివరకు అత్తగారిచ్చిన గాజులు. మన ఆడవాళ్ళకు బేంకర్ అంటే ఏమో తెలియదు, కానీ మార్వాడీ కొట్టు రసీదులో తేదీ చూసి ఆ వారం రేసు వుండిందా లేదా అని చెప్పగలిగేవారు.

చట్టం సంగతి కూడా మన చరిత్రే. గుర్రప్పందాన్ని జూదం కింద చేర్చే సవరణ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1949లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్లో ఓమందూరు రామస్వామి రెడ్డియార్ దిగి, రాజపాళయం కుమారస్వామి రాజా ముఖ్యమంత్రి అయినారు. ఇద్దరూ తమిళనాట పుట్టిన తెలుగు ఇళ్ళవారే. చట్టం పుస్తకంలో వుండింది గానీ ఆ భాగం 25 ఏళ్ళు అమలు కాలేదు. 1974లో కరుణానిధి ప్రభుత్వం పందేలు ఒద్దని వేరే చట్టం చేసి, 1975 మార్చి 31న అమలుకు ఉత్తరువు ఇచ్చింది. క్లబ్బు కోర్టుకు పోయి స్టే తెచ్చుకుంది. 1986లో ఎం.జీ.ఆర్. ప్రభుత్వం క్లబ్బునే స్వాధీనం చేసుకోవడానికి ఇంకో చట్టం చేసింది. 1996 జనవరిలో డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు ఆ 1986 చట్టాన్ని కొట్టేసి, గుర్రప్పందెం ప్రధానంగా నేర్పు ఆట, జూదం కాదు అన్నది. దానికి ఆధారంగా చూపిన పాత తీర్పుల్లో ఒకటి 1967లో సికింద్రాబాదు క్లబ్బు రమ్మీ కేసులో ఇచ్చినది.

ఇంకో పక్క 1968లో ప్రభుత్వమే లాటరీ టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది, తమిళనాట లాటరీని నిషేధించింది 2003లో. గుర్రం పాపం, చీటీ పుణ్యమా అని మా ఆఫీసులో వాదించుకునేవాళ్ళం.

సుప్రీంకోర్టు మాట మేము కాదనము. గుర్రం పుట్టుక, పెంపకం, జాకీ, తడి నేల, మోసే బరువు చదివి చెప్పడం నేర్పే. ఆ నేర్పుతో మూడింటికి ఒకసారి చెప్పేది రెండింటికి ఒకసారి చెప్పగలిగినా, అయిదు రేసులకు 32లో ఒక అవకాశమే. నేర్పు నిజం, అప్పు కూడా నిజం. ఇవాళ నేర్పున్నవాడికి కూడా కష్టం. 2017 నుంచి పందెం మొత్తం మీద 28 శాతం జీ.ఎస్.టీ. వుండింది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం అయింది. పైన మేము వేసిన 20 శాతం లెక్క పాతకాలపు మర్యాద లెక్క.

గిండీ గేటు మూస్తే ఈ కథ ముగిసిందని అనుకోవద్దు. గొలుసు పందెం ఫోనులోకి వచ్చింది. ఇన్ని మ్యాచులు కలిపి చెబితే ఇంత వస్తుందని మన పిల్లకాయల చేతుల్లోనే వుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. 1949 చట్టం ఎన్నేళ్ళు నిద్రపోయిందో చూసినవాళ్ళం కాబట్టి చట్టం మీదే భారం వేయలేము.

సంఘానికి మా మనవి రెండు. ఒకటి, మన బడిపిల్లల లెక్కల తరగతిలో ఈ 243 లెక్క ఒక్కసారి బోర్డు మీద వేయించండి. తిట్టవద్దు, భయపెట్టవద్దు, గుణకారం చేయించండి చాలు. రెండు, ఇట్లాటి అప్పుల్లో పడిన ఇల్లు సహాయం అడిగితే, డబ్బు చేతికివ్వకుండా స్కూలు ఫీజు స్కూలుకు, ఇంటి బాడుగ ఇంటివాళ్ళకు కట్టండి. ఆ ఇంటి ఆడవాళ్ళను పిలిచి అడిగి నిర్ణయించండి. ఆ ఇంటి అసలు లెక్క తెలిసింది వాళ్ళకే.