పరిశోధనా పరిపాలకుల వృత్తి వికాసం

పరిశోధనా పరిపాలన అనగా విశ్వవిద్యాలయాలు, వైద్య కళాశాలలు, పరిశోధనా సంస్థలలో జరిగే పరిశోధనలకు అవసరమైన నిధులు, ఒప్పందాలు, అనుమతులు, జమాఖర్చులు మొదలైన వ్యవహారాలను నిర్వహించే వృత్తి. ఈ పని చేసేవారిని పరిశోధనా పరిపాలకులు అంటారు. అమెరికాలో వీరిని రీసెర్చ్ అడ్మినిస్ట్రేటర్లు అనీ, ఐరోపా, ఆస్ట్రేలియాలలో ఎక్కువగా రీసెర్చ్ మేనేజర్లు అనీ వ్యవహరిస్తారు. చాలాకాలం వరకు ఈ వృత్తికి ప్రత్యేకమైన చదువు లేదు. గుమాస్తాలుగా, గణకులుగా, శాస్త్రజ్ఞులుగా పనిచేసినవారు ఇందులో ప్రవేశించి, అనుభవం మీద నేర్చుకునేవారు. ఆ లోటును తీర్చడానికే వృత్తి సంఘాలు, శిక్షణా కార్యక్రమాలు, అర్హతా పరీక్షలు ఏర్పడినవి.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా ప్రభుత్వం విశ్వవిద్యాలయాల పరిశోధనలకు పెద్ద ఎత్తున నిధులు ఇవ్వసాగింది. ప్రభుత్వం మౌలిక పరిశోధనను పోషించాలని వానెవార్ బుష్ 1945లో నివేదిక సమర్పించాడు. 1950లో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ స్థాపించబడినది. నిధులతో పాటు నిబంధనలు కూడా పెరిగినవి. 1974 నాటి జాతీయ పరిశోధనా చట్టం మనుషులపై జరిపే ప్రయోగాలను సమీక్షించే నైతిక సంఘాలకు చట్టబద్ధమైన పునాది వేసింది. 1980 నాటి బే-డోల్ చట్టం ప్రభుత్వ ధనంతో జరిగిన ఆవిష్కరణలపై హక్కులను విశ్వవిద్యాలయాలు తమ వద్ద ఉంచుకొనే వీలు కల్పించింది. ఇలా వచ్చిన ప్రతి చట్టమూ ఒక కొత్త బాధ్యతను తెచ్చింది. వీటన్నిటినీ ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞుడే చూచుకోవడం అసాధ్యమైనది.

విధులు

ఈ వృత్తిలోని పనిని సాధారణంగా రెండు దశలుగా విభజిస్తారు.

నిధులు మంజూరు కాకముందు: ఏ సంస్థ దేనికి నిధులిస్తున్నదో తెలుసుకోవడం, దరఖాస్తు గడువులను గమనించడం, వ్యయ అంచనాలు తయారు చేయడం, సంస్థ తరఫున సంతకాలు చేయించి పంపడం.

మంజూరైన తరువాత: ఒప్పందాలను పరిశీలించడం, ఖర్చు నియమానుసారం జరిగేలా చూడడం, నివేదికలు పంపడం, ఆడిట్ అభ్యంతరాలకు సమాధానమివ్వడం, గడువు ముగిసిన పద్దులను మూసివేయడం.

వ్యయ అంచనాలో పరోక్ష వ్యయం ముఖ్యమైనది. విద్యుత్తు, భవనాలు, గ్రంథాలయం వంటివి ఏ ఒక్క ప్రయోగానికో చెందవు గనుక, వాటి నిమిత్తం ప్రత్యక్ష వ్యయంపై కొంత శాతం కలుపుతారు. ఉదాహరణకు 20 లక్షల రూపాయల ప్రత్యక్ష వ్యయంపై 10 శాతం అనుమతి ఉన్నప్పుడు, దానిని అడగడం మరచిపోతే 2 లక్షల భారం సంస్థపై పడుతుంది. గడువు ఒక్కరోజు దాటినా దరఖాస్తు తిరస్కరించబడవచ్చు. నియమవిరుద్ధమైన ఖర్చును సంస్థ తిరిగి చెల్లించవలసి రావచ్చు.

వృత్తి సంఘాలు

* నేషనల్ కౌన్సిల్ ఆఫ్ యూనివర్సిటీ రీసెర్చ్ అడ్మినిస్ట్రేటర్స్ (అమెరికా) - 1959
* సొసైటీ ఆఫ్ రీసెర్చ్ అడ్మినిస్ట్రేటర్స్ (అమెరికా) - 1967
* ఐరోపా పరిశోధనా నిర్వాహకుల, పరిపాలకుల సంఘం - 1995
* ఆస్ట్రలేషియా పరిశోధనా నిర్వహణ సంఘం - 1999
* దక్షిణాఫ్రికా ప్రాంత పరిశోధన, నవకల్పన నిర్వహణ సంఘం - 2002

ఇటువంటి సంఘాలను కలిపే అంతర్జాతీయ కూటమి ఇనార్మ్స్ 2001లో ఏర్పడింది. దీని మహాసభలు సాధారణంగా రెండేళ్ళకొకసారి జరుగుతాయి. 2006లో బ్రిస్బేన్, 2010లో కేప్ టౌన్, 2018లో ఎడింబరో, 2023లో డర్బన్, 2025లో మాడ్రిడ్ నగరాలు వీటికి వేదికలైనవి.

శిక్షణ, అర్హతా పరీక్షలు

అమెరికాలో 1993లో ఏర్పడిన రీసెర్చ్ అడ్మినిస్ట్రేటర్స్ సర్టిఫికేషన్ కౌన్సిల్ ఈ వృత్తిలోనివారికి పరీక్ష నిర్వహించి ధ్రువపత్రం ఇస్తుంది. దీనిని ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. నిబంధనలు తరచూ మారే వృత్తిలో ఒకసారి నేర్చినది జీవితాంతం సరిపోదనేది ఇందులోని ఉద్దేశం. మంజూరుకు ముందు పనికి, ఆర్థిక నిర్వహణకు వేర్వేరు ధ్రువపత్రాలు కూడా ఉన్నాయి. జాన్స్ హాప్కిన్స్, సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయాలు ఈ విషయంలో స్నాతకోత్తర పట్టాలు ప్రవేశపెట్టినవి.

పరస్పర పరిచయాల ప్రాధాన్యం

చిన్న సంస్థలలో ఈ పని ఒకరిద్దరి మీదనే నడుస్తుంది. ఒక నిబంధనకు అర్థమేమిటో సందేహం కలిగితే పక్క గదిలో అడగడానికి ఎవరూ ఉండరు. అదే చిక్కును ఎదుర్కొన్న మరొక సంస్థ ఉద్యోగి పరిచయముంటే సమస్య త్వరగా తీరుతుంది. రెండు విశ్వవిద్యాలయాలు కలిసి పరిశోధన చేసేటప్పుడు ఉప ఒప్పందం ఇరుపక్షాల పరిపాలకుల మధ్యనే కుదురుతుంది.

పరిచయాలు వ్యవస్థను కూడా మార్చగలవు. 1986లో ఫ్లోరిడాలో కొన్ని విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ సంస్థలు కలిసి కాగితాల పనిని తగ్గించడానికి ఆరంభించిన ప్రయోగం క్రమంగా ఫెడరల్ డెమాన్‌స్ట్రేషన్ పార్ట్‌నర్‌షిప్‌గా విస్తరించింది. ఉప ఒప్పందాలకు ఇది ఉమ్మడి నమూనాలను రూపొందించింది. ప్రభుత్వ నిధులు పొందిన అధ్యాపకులు తమ పరిశోధనా సమయంలో సుమారు 42 శాతం పరిపాలనా సంబంధమైన పనులకే వెచ్చిస్తున్నట్లు ఈ సంస్థ 2005, 2012 సర్వేలలో తేలింది. 2018 సర్వేలో అది సుమారు 44 శాతం. శిక్షణ పొందిన పరిపాలకులు లేనిచోట ఆ భారం శాస్త్రజ్ఞులపైనే పడుతుంది.

భారతదేశంలో

భారతదేశంలో ప్రభుత్వ నిధులు పొందిన సంస్థలు సాధారణ ఆర్థిక నియమావళి (2017) ప్రకారం వినియోగ ధ్రువపత్రాలు సమర్పించాలి. విదేశీ విరాళాలకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. మద్రాసు ఐ.ఐ.టి. వంటి పెద్ద సంస్థలలో ఈ పనికి ప్రత్యేక విభాగాలున్నాయి. ఉన్నత విద్యాసంస్థలలో పరిశోధన, అభివృద్ధి విభాగాలు నెలకొల్పడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధనా ప్రతిష్ఠాన చట్టం వచ్చింది.

ఈ వృత్తిని పెంపొందించే ప్రయత్నంలో తెలంగాణకు కూడా స్థానముంది. కేంద్ర జీవసాంకేతిక విభాగం, బ్రిటన్‌కు చెందిన వెల్కమ్ ట్రస్టు కలిసి 2008లో ప్రారంభించిన ఇండియా అలయన్స్ హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తూ వచ్చింది. ఆ సంస్థ 2018లో ఇండియా రీసెర్చ్ మేనేజ్‌మెంట్ ఇనీషియేటివ్ అనే కార్యక్రమాన్ని చేపట్టింది. పరిశోధనా నిర్వాహకులకు శిక్షణ కల్పించడం, వారిని ఒకచోట చేర్చడం దీని ఆశయాలు.

సమస్యలు

* పదోన్నతి సోపానం అన్నిచోట్లా స్పష్టంగా లేదు. తాత్కాలికంగా నియమితుడైన ఉద్యోగి వెళ్ళిపోతే అతని అనుభవమూ సంస్థకు దూరమవుతుంది.
* బోధన చేసే ఆచార్యులకే అదనపు బాధ్యతగా అప్పగించిన చోట రెండు పనులకూ సమయం చాలదు.
* సభ్యత్వ రుసుము, ప్రయాణ ఖర్చుల వలన చిన్న కళాశాలలవారు సమావేశాలకు వెళ్ళలేరు. సహాయం ఎక్కువగా అవసరమైనది వారికే.
* పరిశోధనా పత్రాలలో శాస్త్రజ్ఞుల పేర్లుంటాయి గాని పరిపాలకుల కృషి సాధారణంగా కనిపించదు. అందువలన యువతకు ఇటువంటి వృత్తి ఒకటి ఉన్నదని తెలియడం లేదు.