పైలట్లకు డిమాండ్.. లైసెన్స్ ఒక్కటే చాలదు!
దేశంలో విమానయాన రంగం జోరు మీదుంది. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. అవి వచ్చేకొద్దీ పైలట్ల అవసరమూ పెరుగుతుంది. అయితే లైసెన్స్ వస్తే ఉద్యోగం వచ్చేసినట్టే అనుకుంటే పొరపాటే. 18 ఏళ్లు నిండి, డీజీసీఏ పరీక్షలు పాసై, 200 గంటలు విమానం నడిపితే కమర్షియల్ పైలట్ లైసెన్స్ వస్తుంది. ఆ శిక్షణంతా చిన్న విమానాలపైనే. ఎయిర్‌బస్ ఏ320 వంటివి నడపాలంటే టైప్ రేటింగ్ తప్పనిసరి. దానికి మళ్లీ లక్షల్లో ఖర్చు. ఫస్ట్ ఆఫీసర్‌గా చేరినా, కెప్టెన్ కావాలంటే 1500 గంటల అనుభవంతో ఏటీపీఎల్ తెచ్చుకోవాలి. వీటన్నిటికీ క్లాస్-1 మెడికల్ ఫిట్‌నెస్ ఉండాల్సిందే. కాబట్టి అప్పు చేసి ఫీజు కట్టకముందే ఆ పరీక్షలు చేయించుకోవడం మంచిది. అక్కడ అన్‌ఫిట్ అంటే లైసెన్సే రాదు.