తెర నల్లబడింది... దొంగ ఎవరు?

"కంప్యూటర్‌కి కూడా దిష్టి తగులుతుందా అన్నయ్య గారూ?" అని మా పక్కింటావిడ అడిగినప్పుడు నేను నవ్వాను. అయితే నవ్వినంత తెలివిగా ఆ తరువాత ప్రవర్తించలేదు. ఈ వ్యాసంలో కొంత కంప్యూటర్ల చరిత్ర ఉంది, కొంత నా తప్పు చరిత్ర ఉంది. రెండోది రాయడమే నాకు కష్టంగా ఉంది.

2022 జులై. మేముండేది అబర్డీన్ బజార్‌కి దగ్గర్లో, అప్పటి పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం). రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, బాబాల మహిమల గుట్టు విప్పే మా ప్రదర్శనల వీడియోలు కత్తిరించి అతికించడం నా వ్యాపకం. వీడియో పనికి గ్రాఫిక్స్ కార్డు కావాలి కదా అని 2017లోనే మద్రాసు నుంచి తెప్పించి పెట్టించాను. ఐదేళ్ళు బాగానే పనిచేసింది. ఆ జులైలో మాత్రం పని మధ్యలో తెర ఒక్కసారిగా నల్లబడటం మొదలైంది. లోపల ఫ్యాన్లు హోరుమంటూ తిరుగుతూనే ఉంటాయి, తెర మీద ఏమీ ఉండదు. బటన్ నొక్కి ఆపి మళ్ళీ వేస్తే మామూలే!

బజార్‌లో ఒక రిపేరు షాపులో ఇచ్చాను. అక్కడ పనిచేసే తెలుగు కుర్రాడు దుమ్ము దులిపి, కార్డు తీసి తుడిచి, మళ్ళీ పెట్టి ఇచ్చాడు. మూడు రోజులకి మళ్ళీ నల్లతెర. ఈసారి మరింత తరచుగా. నా బుర్రలో ఒక్కసారిగా లెక్క కుదిరింది: "కొత్త కార్డు తీసేసి పాతది పెట్టాడు!" షాపు యజమానికి ఫిర్యాదు రాసి ఇచ్చాను. ఆయన నా తెల్లజుట్టుకీ, నా ఉద్యోగానికీ విలువిచ్చి ఆ కుర్రాణ్ణి పనిలోకి రావద్దన్నాడు.

ఇటు పక్కింటావిడ, కంప్యూటర్ దక్షిణ ముఖంగా ఉందని చెప్పి, నేను ఇంట్లో లేనప్పుడు మా ఆవిడ అనుమతితో కేబినెట్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. తరువాత ఐదు రోజులు తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు! హేతువాదిగా నాకెంత అవమానమో ఊహించుకోండి.

దెయ్యాలకు పాత అలవాటే

యంత్రం ఎందుకు ఆగిందో తెలియకపోతే ఎవరో ఆపారనుకోవడం మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో అర్థంకాని లోపాలన్నిటికీ 'గ్రెమ్లిన్లు' అనే చిట్టి దెయ్యాలు కారణమని చెప్పుకునేవారు. ఆ దళంలోనే పైలట్‌గా పనిచేసిన రోల్డ్ డాల్ 1943లో వాటి మీద పిల్లల పుస్తకమే రాశాడు. సగం వేళాకోళమే అనుకోండి. కానీ విమానాల్ని బాగుచేసింది గ్రెమ్లిన్లకు మొక్కినవాళ్ళు కాదు, ఇంజను విప్పి చూసిన మెకానిక్కులు.

1945లో అమెరికాలో పూర్తయిన ఎనియాక్ కంప్యూటర్‌లో సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులుండేవి. అవి తరచూ మాడిపోయేవి. ఎప్పుడు మాడుతున్నాయో లెక్క రాసుకుంటే, ఎక్కువ భాగం స్విచ్ వేసినప్పుడూ, ఆపినప్పుడూ, అంటే వేడెక్కేటప్పుడూ చల్లబడేటప్పుడూ పోతున్నాయని తేలింది. దాంతో యంత్రాన్ని ఆపకుండా ఉంచారు. వైఫల్యాలు చివరికి రెండు రోజులకు ఒకటి చొప్పున తగ్గాయి. ఏ కొత్త పరికరమూ కనిపెట్టలేదు, లెక్క రాసుకున్నారంతే.

1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో మార్క్ 2 యంత్రం మొరాయిస్తే, ఒక రిలేలో ఇరుక్కున్న రెక్కల పురుగు దొరికింది. దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అతికించారు. 'బగ్' అనే మాట అక్కడే పుట్టిందని చాలామంది రాస్తారు, అది తప్పు. ఎడిసన్ 1878 నాటి ఉత్తరంలోనే ఆ మాట ఉంది. నా దృష్టిలో ఆ పురుగు గొప్పతనం వేరే ఉంది. లోపానికి కారణాన్ని కళ్ళతో చూసి, వోచర్‌లాగా పుస్తకంలో అతికించి పెట్టారు!

ఉబ్బిన డబ్బాలు, విరిగిన అతుకులు

ఇక మన కాలానికి వద్దాం. 1999 నుంచి 2007 దాకా ప్రపంచమంతటా కంప్యూటర్లు అకాలంగా చచ్చిపోయాయి. కారణం కెపాసిటర్లనే చిన్న అల్యూమినియం డబ్బాలు. లోపలి ద్రావణంలో నీటి వల్ల అల్యూమినియం తినేయకుండా కాపాడే రసాయనాలు సరిగా కలపలేదు. హైడ్రోజన్ వాయువు పుట్టి డబ్బా తల ఉబ్బేది, పగిలి గోధుమరంగు మడ్డి కారేది. 2005లో ఒక్క డెల్ కంపెనీయే దీని ఖర్చు కింద 30 కోట్ల డాలర్లు రాసుకుంది. ఎవరో జపాన్ సూత్రాన్ని సగం సగం దొంగిలించడమే ఇందుకు మూలమనే కథ అప్పట్లో బాగా తిరిగింది. దొంగ కథ ఎప్పుడూ రుచిగానే ఉంటుంది. కానీ ఉబ్బిన డబ్బాని గుర్తుపట్టడానికి దొంగతో పని లేదు, కళ్ళుంటే చాలు.

2006 జులై 1 నుంచి యూరప్‌లో ఎలక్ట్రానిక్ పరికరాల్లో సీసం మీద ఆంక్షలొచ్చాయి. అతుకుల లోహం మారింది. 2008 జులైలో ఎన్విడియా కంపెనీ, ల్యాప్‌టాప్‌లలోని కొన్ని గ్రాఫిక్స్ చిప్పులు ప్యాకేజీ పదార్థాల బలహీనత వల్ల పోతున్నాయని ఒప్పుకుని 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. వేడెక్కడం, చల్లబడటం, మళ్ళీ వేడెక్కడం... ఎనియాక్ నాటి కథే!

ఆ రోజుల్లోనే ఒక కొత్త మూఢనమ్మకం పుట్టింది. చచ్చిన గ్రాఫిక్స్ కార్డుని వంటింటి ఓవెన్‌లో కాలిస్తే బతుకుతుందని! నిజంగానే కొన్ని బతికాయి, కొన్ని రోజులు. సీసం లేని అతుకు లోహం కరగాలంటే సుమారు 217 డిగ్రీలు కావాలి. చిట్కాల్లో చెప్పే వేడి ఎక్కువగా 200 లోపే. అంటే అతుకు కరగలేదు. వేడికి కదిలిన పగులు కాసేపు తాకిందంతే. తాయెత్తు కట్టాక జ్వరం తగ్గడం లాంటిదే ఇదీ. నిమ్మకాయని చూసి నవ్వే ఇంజనీరు ఓవెన్‌ని నమ్మాడు.

పుస్తకం తీశాను

నిమ్మకాయ ఐదు రోజుల విజయం నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఎనియాక్ వాళ్ళలాగే ఒక నోటుపుస్తకంలో గడులు గీశాను: తేదీ, సమయం, చేస్తున్న పని, ఫలితం. వెనక్కి గుర్తు తెచ్చుకుని ఆ ఐదు రోజులూ రాశాను. ఆ రోజుల్లో నేను వీడియో పని ముట్టనేలేదు! ఒక మిత్రుడి పెన్షన్ బకాయిల లెక్క వేస్తూ కూర్చున్నాను. ఆరో రోజు వీడియో తెరిచాను, పావుగంటలో నల్లతెర. నిమ్మకాయ అక్కడే వేలాడుతోంది.

అంటే బరువు పని పడ్డప్పుడే జబ్బు. ముందు డ్రైవర్ మీద అనుమానం వచ్చింది. 2007 నాటి విస్టా నుంచి, కార్డు రెండు సెకన్లలో బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని మళ్ళీ మొదలుపెడుతుంది, 'డ్రైవర్ స్పందించలేదు' అని సందేశం ఇస్తుంది. అది లక్షణమే గానీ కారణం కాదు. 2020 ఆగస్టులో మద్రాసు నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చింది కాబట్టి డ్రైవర్ దింపుకోవడం ఇప్పుడు చిటికెలో పని. పాతది పూర్తిగా తీసి కొత్తది వేశాను. మార్పు లేదు.

తరువాత కార్డు విప్పాను. దాని మీద అంటించిన సీరియల్ నంబరు చూశాను. బీరువాలోంచి 2017 నాటి బిల్లు తీశాను.

రెండూ ఒకటే.

కార్డు మారలేదు. ముప్పై ఏళ్ళు వోచర్ చూడకుండా ఆక్షేపణ రాయకూడదని కింది వాళ్ళకి చెప్పినవాణ్ణి, బిల్లు నా బీరువాలో ఉండగానే ఒక కుర్రాడి మీద దొంగతనం రాశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే షాపుకి వెళ్ళి యజమాని ముందు నా ఫిర్యాదు చింపేశాను. కుర్రాణ్ణి పిలిపించమన్నాను. అతను వచ్చి నా మాటలన్నీ విని మెల్లగా అన్నాడు: "సీరియల్ నంబరు బిల్లుతో చూసుకోండి సార్ అని ఆ రోజే అన్నాను కదా సార్."

అన్నాడు. నేను వినలేదు.

అసలు కారణం కనిపెట్టింది కూడా అతనే. నా కార్డుని షాపులో వేరే కంప్యూటర్‌లో పెట్టి రెండు గంటలు బరువు పరీక్ష చేశాడు, ఏమీ కాలేదు. నా కంప్యూటర్‌కి షాపులోని ఎస్.ఎం.పి.ఎస్. తగిలించాడు, అప్పుడూ ఏమీ కాలేదు. నా పాత ఎస్.ఎం.పి.ఎస్. మళ్ళీ పెట్టాడు, ఇరవై నిమిషాల్లో తెర నల్లబడింది. ఒక్కసారికి ఒక్కటే మార్చడం, మార్చింది మళ్ళీ వెనక్కి పెట్టి చూడటం. ఈ రెండో మెట్టు చాలామంది ఎక్కరు. తరువాత దాన్ని విప్పి చూపించాడు (కరెంటు తీసినా లోపల విద్యుత్తు నిలవ ఉంటుంది, మీరు ఇంట్లో విప్పకండి). రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. కార్డుకి పోయే ప్లగ్గు పిన్నుల మీద పచ్చటి చిలుము. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, చుట్టూ ఉప్పుగాలి! మామూలు పనికి ఆ డబ్బాలు ఎలాగో నెట్టుకొచ్చేవి. వీడియో పనికి కార్డు ఎక్కువ కరెంటు గుంజగానే వోల్టేజి పడిపోయేది.

కొత్త ఎస్.ఎం.పి.ఎస్. ఓడలో వచ్చింది. కుర్రాడు మళ్ళీ పనిలో చేరాడు. కానీ ఆ పన్నెండు రోజుల జీతం, బజార్‌లో పోయిన పరువు? జీతం నేనిచ్చాను. మొదట తీసుకోనన్నాడు. పరువు ఇవ్వడానికి నా దగ్గర ఉన్నది ఈ వ్యాసం మాత్రమే.

లెక్కల్లో మాకు సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఏ పద్దుకి చెందిందో తేలని మొత్తాన్ని తేలేదాకా అందులో ఉంచుతాం, తోచిన పద్దులో రాసెయ్యం. పక్కింటావిడ తెలియని కారణాన్ని దిష్టి ఖాతాలో రాసింది. నేను కుర్రాడి ఖాతాలో రాశాను. ఆవిడ తప్పుకి రెండు రూపాయల నిమ్మకాయ ఖర్చయింది. నా తప్పుకి ఒక మనిషి ఉద్యోగం పోయింది. ఇద్దరిలో ఎవరిది పెద్ద మూఢనమ్మకమో మీరే చెప్పండి.