ఖాళీ స్లైడ్ చూపిన దారి: గియోర్గి ఎలియావా

బ్యాక్టీరియాకూ జబ్బు చేస్తుంది. వాటిని పట్టి చంపే వైరస్‌లను బ్యాక్టీరియోఫేజ్‌లు, క్లుప్తంగా ఫేజ్‌లు అంటారు. ఈ రంగంలోకి ఒక కుర్రవాడు ఎలా వచ్చాడో చూద్దాం.

గియోర్గి ఎలియావా 1892లో జార్జియాలో పుట్టాడు. మొదట ఒడెస్సాలో సాహిత్యం చదివాడు. రాజకీయాల్లో తిరుగుతున్నాడని అక్కడి నుంచి పంపేశారు. తర్వాత జెనీవాలో వైద్యం మొదలుపెట్టి, 1916లో మాస్కోలో పూర్తి చేశాడు. ఆ తర్వాత టిబిలిసి నగరంలో బ్యాక్టీరియా పరీక్షల లేబొరేటరీ బాధ్యత చేతికొచ్చింది.

ఒకరోజు కురా నది నీటిలోని కలరా క్రిములను స్లైడ్ మీద చూస్తుండగా ఏదో పని పడి వెళ్లాడట. మూడు రోజులకు తిరిగొస్తే ఒక్క క్రిమీ లేదు. కథకు కొంత మెరుగు పెట్టి ఉండొచ్చు. కానీ మరొకరైతే నమూనా పాడైందని పారబోసేవారు, ఆయన మాత్రం వాటిని చంపిందేమిటని అడిగాడు.

ఇలాంటి ప్రశ్న మన దేశంలో అంతకుముందే లేచింది. గంగా యమునల నీరు కలరా క్రిములను చంపుతోందని, మరిగిస్తే ఆ శక్తి పోతోందని ఎర్నెస్ట్ హాంకిన్ 1896లోనే రాశారు. 1915లో ఇంగ్లండ్‌లో ట్వార్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ ఆ చంపే పదార్థాన్ని విడివిడిగా కనుగొన్నారు. బ్యాక్టీరియోఫేజ్ అన్న పేరు డెరెల్ పెట్టిందే. ఎలియావా పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి డెరెల్‌ను కలిశాడు. అక్కడ కుదిరిన స్నేహం చివరిదాకా నిలిచింది.

ఫేజ్ పని తీరు ఇది. తనకు సరిపడే బ్యాక్టీరియా గోడకు అతుక్కుని, తన జన్యుపదార్థాన్ని లోపలికి ఎక్కిస్తుంది. అరగంట అటూఇటూగా లోపల పదులకొద్దీ కొత్త ఫేజ్‌లు తయారై, గోడ పగలగొట్టుకుని బయటపడతాయి. మనిషి కణాల జోలికి రావు. అయితే ఒక రకం ఫేజ్ కొన్ని రకాల బ్యాక్టీరియాకే పనికొస్తుంది. అందుకే ఏ రోగికి ఏది పనిచేస్తుందో ముందు పరీక్షించాలి. ఈ వైద్యంలో అసలు కష్టమంతా ఇక్కడే.

1923లో ఎలియావా టిబిలిసిలో బ్యాక్టీరియాలజీ సంస్థ నెలకొల్పాడు. 1930లలో డెరెల్ అక్కడికొచ్చి పనిచేశాడు. ఆయన పుస్తకాన్ని ఎలియావాయే అనువదించి 1935లో టిబిలిసిలో ప్రచురించాడు. రెండేళ్లకు, 1937లో, దేశద్రోహి అని ముద్ర వేసి ఎలియావాను కాల్చి చంపారు. ఒపేరా గాయని అయిన ఆయన భార్యనూ వదల్లేదు. ఒక స్త్రీ విషయంలో బెరియాకు కోపమొచ్చి ఇలా చేయించాడని పుకారు. స్టాలిన్ పాలనలో ఆ ఏడాది మనిషిని చంపడానికి అంత కారణం కూడా అక్కర్లేదని మా అభిప్రాయం. డెరెల్ మళ్లీ అక్కడ అడుగు పెట్టలేదు.

సంస్థ మాత్రం మూతపడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైనికుల విరేచనాలకు, గాయాలకు ఫేజ్‌లు వాడారు. పెన్సిలిన్ వచ్చాక పాశ్చాత్య దేశాలు వీటిని పక్కన పెట్టాయి, టిబిలిసి పెట్టలేదు. యాంటీబయాటిక్స్‌కు లొంగని పుండ్లు, మూత్రనాళ ఇన్ఫెక్షన్లతో ఇప్పుడు విదేశాల రోగులు అక్కడికి వెళ్తున్నారు. ఆ సంస్థకు ఎలియావా పేరే పెట్టారు.