రేవు

ఓడ ఆగే చోటు ఓడరేవు. బట్టలుతికే చోటు చాకిరేవు. పడవరేవు, స్నానాల రేవు, పశువుల రేవు... ముందు మాట మారుతుంది, రేవు మారదు. మనిషైనా గొడ్డైనా భయం లేకుండా నీళ్లలోకి దిగగలిగే చోటు అది. ఒడ్డంతా రేవు కాదు. గట్టు ఏటవాలుగా ఉండాలి, కాలికింద నేల జారకూడదు, లోతు ఒక్కసారిగా రాకూడదు. ‘నౌకాశ్రయం’ అన్న మాటలో నౌకకు తప్ప ఇంకెవరికీ చోటు లేదు. రేవులో గేదెకు కూడా ఉంది. సంస్కృతంలో దీనికి దగ్గరి మాట ‘తీర్థం’. దాటడమనే ధాతువులోంచి పుట్టి, పుణ్యక్షేత్రం దాకా ఎదిగింది.

బోధన్ దగ్గరి కందకుర్తి రెండు విధాలా తీర్థమే. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసేది అక్కడే. వేసవిలో నీళ్లు మెట్లను వదిలి లోపలికి జరిగిపోతే, రేవు కూడా వాటి వెంటే ఇసుకలోకి నడుస్తుంది. మరాఠీ, ఉర్దూ పొరుగు కాబట్టి ఈ సీమలో ‘ఘాట్’ అన్న మాటే ఎక్కువ వినిపిస్తుంది. అయినా తేడా ఉంది. సిమెంటు తొట్లు కట్టి ఇస్తే ధోబీఘాట్, ఏటి ఒడ్డున బండ మీద ఉతికితే చాకిరేవు.

2016 నాటి చట్టం దేశంలో 111 జాతీయ జలమార్గాలను ప్రకటించింది. అందులో మంజీర 70వది, సింగూరు డ్యామ్ నుంచి గోదావరి సంగమం దాకా. దారిలో 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట అడ్డంగా ఉంది. అక్కడ కాలువకు మళ్లిన నీళ్లతోనే బోధన్ చెరుకు పెరిగింది, శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ నిలబడింది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మరికొన్ని నెలలకే, సరుకు పోయిన సీమకు కాగితం మీద జలమార్గం వచ్చింది.

పడవ రవాణాకు నేను వ్యతిరేకిని కాను. పడవ అదే బరువును లారీ కంటే తక్కువ డీజిల్‌తో లాగుతుంది. కాలుష్యం తగ్గించేందుకు పెద్ద ఓడరేవుల కోసం 2023లో ‘హరిత్ సాగర్’ మార్గదర్శకాలు, నదుల్లో తిరిగే పడవల కోసం 2024 జనవరిలో ‘హరిత్ నౌక’ వచ్చాయి. మంచి పనులే. కట్టేసిన ఓడ ఇంజను ఆపి ఒడ్డు నుంచి కరెంటు ఇవ్వడం లాంటివి సముద్రపు ఓడరేవుల్లో బాగా పనికొస్తాయి. కానీ మే నెల మంజీరలో ముందు కావలసింది నీళ్లు. పడవ నడవాలంటే అడుగు తవ్వాలి. ఇక్కడ అడుగు తవ్వడమంటే ఇసుక తీయడమే. ఇసుక పోతే గట్టు నిట్టనిలువవుతుంది, ఒడ్డు బావుల్లో నీరు దిగిపోతుంది. పోర్టు పచ్చగానే ఉండవచ్చు, రేవు మాత్రం పోతుంది.

ఇంకో దారి ఉంది. 2023లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రోలో బ్యాటరీ పడవలు తేలే పంటుల దగ్గర ఆగుతాయి. నీటితో పాటు పంటూ లేస్తుంది, దిగుతుంది. ఏడాది పొడుగునా నీళ్లుండే కొచ్చి బ్యాక్‌వాటర్ వేరు, మన ఏరు వేరు, నిజమే. అయినా గట్టు పొడుగునా కాంక్రీటు గోడ లేపకుండా పడవను నిలపొచ్చని అది చూపించింది. వానాకాలం నాలుగు నెలలే తిరిగే చిన్న పడవలకు, గోదావరి మీది శ్రీరాంసాగర్ జలాశయం వెనక జలాల్లో ఈ పద్ధతి ఆలోచించదగ్గది.

ఈ మధ్య ‘డ్రై పోర్టు’ అన్న మాట వినిపిస్తోంది. కంటెయినర్ల గోదాములకు ఆ పేరు సరే, దాన్ని పొడి రేవు అనలేం. నీళ్లు లేకుండా రేవు అన్న మాట తెలుగులో నిలవదు.

మంజీర మీద ఎప్పుడైనా జెట్టీ కడితే, సర్వే చేసేవాళ్లు లోతులు కొలిచే ముందు రెండు ఒడ్ల ఊళ్లకూ వెళ్లాలి. గొడ్లు దిగే రేవు ఏది, బట్టలుతికే రేవు ఏది, వేసవిలో అవి ఎంత దూరం జరుగుతాయి అని అడగాలి. ఆ జవాబులన్నీ పటం మీద గుర్తించాకే, మిగిలిన గట్టులో జెట్టీకి చోటు వెతకాలి.