నాయన కాలి కింద నల్ల గొట్టం

ఈసారి కెమెరా గురించి రాస్తున్నాను. దూరం నుంచి కెమెరాని ఎలా నొక్కేవాళ్ళు, ఇప్పుడు ఫోన్‌తో ఎలా నొక్కుతున్నాం, ఆ చరిత్ర. ఎప్పటిలాగే నా తెలుగులో తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. డర్బన్‌లో నా చదువంతా ఇంగ్లీషులోనే. బడిలో నాకు తెలుగు అక్షరం ఒక్కటి కూడా చెప్పలేదు. అరవై దగ్గర పడ్డాక కూర్చుని నేర్చుకున్న తెలుగు ఇది.

మా గుడి ముందు 1974 ఉగాది రోజు తీసిన ఫొటో ఒకటి ఉంది. మూడు వరసల్లో నలభై మందికి పైగా ఉన్నారు. పిల్లలు కింద కూర్చున్నారు, అందులో నేనూ ఉన్నాను, జుట్టుకి నూనె కారేలా. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. కుడి చివర నిలబడ్డ ఒక్క మనిషి మాత్రం తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. ఆయన మా నాయన. బాగా చూస్తే ఆయన చెప్పు కింద నుంచి సన్నని నల్ల గొట్టం ఒకటి గడ్డి మీదుగా ముందుకి వచ్చి ఫొటో అంచు దగ్గర మాయమవుతుంది. చాలా ఏళ్ళు అది చెట్లకి నీళ్ళు పెట్టే గొట్టం అనుకున్నాను.

అది నీళ్ళ గొట్టం కాదు, గాలి గొట్టం. ఒక చివర రబ్బరు బంతి ఉంటుంది. ఇండియా వెళ్ళినప్పుడు పాత ఆటోలకి పాం పాం అని నొక్కే హారన్ చూశాను, ఆ బంతి లాంటిదే, కొంచెం చిన్నది. బంతిని నొక్కితే గాలి గొట్టంలో పరుగెత్తి అవతలి చివర ఉన్న చిన్న పిన్నుని తోస్తుంది. ఆ పిన్ను కెమెరా బటన్‌ని నొక్కుతుంది. నాయన బంతిని చెప్పు కింద పెట్టుకుని కాలితో తొక్కాడు. తొక్కేటప్పుడు సరిగ్గా తొక్కుతున్నానా అని కిందకి చూశాడు. అంతే, ఫొటో పడిపోయింది.

ముప్పై ఏళ్ళు గుడిలో ఫొటోలు తీసింది నాయనే. పెళ్ళిళ్ళు, ఉగాదులు, శ్రీరామనవములు, నాలుగు ఆల్బములు నిండాయి. ఆ నాలుగింటిలో ఆయన ఉన్నది ఈ ఒక్క దాంట్లోనే. ఆయన పోయాక హాల్లో పెట్టడానికి ఫొటో వెతికితే గుర్తింపు పుస్తకంలో ఉన్న గోరంత ఫొటో తప్ప ఏమీ దొరకలేదు. దాన్నే పెద్దది చేయించాం. ముఖం మసకగా వచ్చింది. అమ్మ దాన్ని చూసి ఏమీ అనలేదు.

ఫొటో తీసేవాడు ఫొటోలో ఉండడు. ఈ చిక్కు ఫొటో పుట్టినప్పటి నుంచీ ఉంది. 1839లో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే ఆయన తన ఫొటో తనే తీసుకున్నాడు. అప్పటి పలకల మీద బొమ్మ పడాలంటే నిమిషాలు పట్టేది. కాబట్టి లెన్సు మూత తీసి, వెళ్ళి ఎదురుగా కూర్చుని, మళ్ళీ లేచి వచ్చి మూత పెట్టినా ఎవరికీ తెలియదు. ఆ బొమ్మలో జుట్టు చెదిరి, చేతులు కట్టుకుని, పక్కకి చూస్తూ ఉంటాడు. నాయన లాగే ఆయన కూడా తిన్నగా కెమెరాలోకి చూడలేదు!

పలకలు చురుకైన కొద్దీ మూత తీసి పెట్టడం కుదరలేదు. సెకనులో చిన్న ముక్క చాలు, అంత వేగం చేతికి లేదు. అప్పుడు షట్టర్ వచ్చింది, అంటే తెరుచుకుని వెంటనే మూసుకునే రెప్ప. దాన్ని కదిలించడానికి 19వ శతాబ్దం చివరికి రబ్బరు బంతి, గాలి గొట్టం వచ్చాయి. బంతిని నొక్కి పట్టినంతసేపూ రెప్ప తెరిచి ఉంటుంది, వదిలితే మూసుకుంటుంది. ఆ బంతిని ఇంగ్లీషులో బల్బ్ అంటారు. మీ కెమెరా చక్రం మీద 'బీ' అనే అక్షరం కనిపిస్తే అది ఆ బల్బే. చాలామంది ఆ అక్షరానికి కరెంటు బల్బుతో సంబంధం ఉందనుకుంటారు. నేనూ అనుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. స్టూడియోల వాళ్ళకి బంతి నచ్చింది తాము ఫొటోలో పడదామని కాదు. కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చి ఉంటే పిల్లవాడి ముఖం ఎప్పుడు బాగుందో తెలియదు. బంతి చేతిలో ఉంటే కెమెరా పక్కన నిలబడి, వాడిని నవ్విస్తూ, నవ్విన క్షణంలో నొక్కవచ్చు. అంటే ఆ గొట్టం వాళ్ళ కళ్ళకి కెమెరా నుంచి సెలవు ఇచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఫోన్ దగ్గరికి వచ్చేసరికి పనికొస్తుంది.

1896లో ఎర్నెస్ట్ బౌడెన్ పేరు మీద ఒక తీగకి పేటెంట్ వచ్చింది. చుట్టలు చుట్టిన తొడుగులో లోపల ఉక్కు తీగ. తొడుగు ఎటు వంగినా లోపలి తీగ జారుతుంది. సైకిలు బ్రేకులో ఉండే తీగ అదే. దాన్నే కెమెరాకి తగిలించారు, కేబుల్ రిలీజ్ అంటారు. బటన్ మధ్యలో సన్నగా మరలు తీసిన రంధ్రం ఉంటుంది, తీగ మొనని అందులో తిప్పి బిగించాలి. ఈ రంధ్రం కొలత కంపెనీలన్నిటికీ దాదాపు ఒకటే అయిపోయింది. చాలావరకు ఎవరి తీగ ఎవరి కెమెరాకైనా సరిపోయేది. ఒకరితో ఒకరు ఏ విషయంలోనూ కలవని కంపెనీలు ఇందులో ఎలా కలిశాయో, నాకు ఆశ్చర్యమే.

ఈలోగా మనిషి వేలు అసలు లేకుండా కూడా ఫొటోలు పడ్డాయి. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 12 కెమెరాలు వరసగా పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం పరుగెడుతూ దారాలు తెంపుకుంటూ పోయింది, ఒక్కో దారానికి ఒక్కో ఫొటో. గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల వదులుతాయని అప్పుడు అందరూ కళ్ళారా చూశారు. తర్వాత జార్జ్ షైరస్ అనే అమెరికా ఆయన అడవిలో రాత్రిళ్ళు దారం కట్టి వదిలేసేవాడు. జింక దారం లాగితే మెరుపు, ఫొటో. 1906 జులై నేషనల్ జియోగ్రాఫిక్‌లో ఆయన ఫొటోలు 74 వేశారు. ఇండియాలో అటవీ శాఖ అధికారి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ హిమాలయాల కింది అడవుల్లో ఇదే పని పులులతో చేశాడు. ఆయన పుస్తకం 1927లో వచ్చింది. ఆ కాలంలో దొరలు పులి మీద కాలు పెట్టి ఫొటో దిగేవాళ్ళు. ఛాంపియన్ పులి చేత దాని ఫొటో అదే తీసుకునేలా చేశాడు. నాకు ఈ చరిత్ర మొత్తంలో ఇష్టమైన మనిషి ఆయనే.

పావురం ఛాతీకి చిన్న కెమెరా కట్టి ఎగరేసిన జర్మనీ మందుల షాపాయన కూడా ఉన్నాడు, జూలియస్ నాయిబ్రోనర్. 1908లో పేటెంట్ వచ్చింది. పావురాన్ని వదిలి ఊరుకోవడమే, ఫొటో ఎక్కడ పడుతుందో దేవుడికి తెలియాలి. ఇక చాలా దూరం నుంచి అంటే 1959 అక్టోబర్ 7. రష్యా వాళ్ళ లూనా-3 చంద్రుడి వెనక వైపుకి వెళ్ళి 29 ఫొటోలు తీసింది. ఫిల్మ్‌ని లోపలే కడిగి, ఆరబెట్టి, వెలుతురుతో చదివి, రేడియోలో భూమికి పంపింది. మా గుడిలో ఫిల్మ్ కడగడానికి నాయన పట్నం వెళ్ళి వారం ఆగేవాడు. చంద్రుడి వెనక నుంచి ఫొటోలు రావడానికి కూడా రోజులు పట్టింది.

నాయన గొట్టానికి పెద్ద లోపం ఒకటి ఉంది. ఒక్కసారే నొక్కగలడు. ఆ తర్వాత నడిచి వెళ్ళి చేత్తో ఫిల్మ్ తిప్పాలి. మోటారుతో ఫిల్మ్ తిప్పుకునే కెమెరాలు వచ్చాక పత్రికల ఫొటోగ్రాఫర్లు గోల్‌పోస్ట్ వెనక కెమెరా పెట్టి దూరం నుంచి తీగతో, తర్వాత రేడియోతో వరసగా నొక్కడం నేర్చారు. మా లాంటి వాళ్ళ చేతికి అవి ఎక్కడ వస్తాయి!

డిజిటల్ కెమెరా వచ్చాక తిప్పడానికి ఫిల్మే లేదు. 2000లో పీటీపీ అని ఒక ఒప్పందం రాశారు. కెమెరా, కంప్యూటర్ మాట్లాడుకునే భాష అది. దాంట్లో "ఫొటో ఇవ్వు" అనే ఆజ్ఞతో పాటు "ఇప్పుడు ఫొటో తియ్యి" అనే ఆజ్ఞ కూడా ఉంది. ఆ భాషనే తర్వాత నెట్‌వర్క్ మీద నడిచేలా చేశారు. 2005లో కొడాక్ ఈజీషేర్-వన్ అనే వైఫై కెమెరా చూపించింది. 2007లో ఐ-ఫై అని మెమరీ కార్డులోనే వైఫై పెట్టారు. 2012లో కానన్ 6డీ లోపలే వైఫైతో వచ్చింది. 2013లో సోనీ అసలు తెరే లేని కెమెరా అమ్మింది. చూడటానికి లెన్సులా ఉంటుంది, తెర మీ ఫోనే.

అసలు కొత్త సంగతి తెరే. గొట్టం, తీగ, దారం, ఇవన్నీ వేలిని దూరం తీసుకెళ్ళాయి. కెమెరా ఏం చూస్తోందో నాయనకి తెలియదు, చివర తాను పడుతున్నాడో లేదో కూడా తెలియదు. ఫోన్‌లో కెమెరా కన్నే వచ్చి చేతిలో కూర్చుంటుంది. కెమెరా తనే చిన్న వైఫై నెట్‌వర్క్ వేస్తుంది, ఫోన్ దానికి కలుస్తుంది. చిన్న చిన్న బొమ్మలు ఆగకుండా ఫోన్‌కి వస్తూ ఉంటాయి. వేలితో ముఖం మీద తాకితే అక్కడ ఫోకస్ అవుతుంది. వెలుతురు ఎక్కువా తక్కువా అక్కడే మార్చవచ్చు. అర సెకను ఆలస్యంగా వస్తుంది, బ్యాటరీ తాగేస్తుంది, గోడ అడ్డం వస్తే మొరాయిస్తుంది. అయినా ఆరేళ్ళు నేను సీతారాముల కల్యాణం అంతా అలాగే తీశాను. కెమెరా మేడ మీద స్టాండుపై. నేను కింద అక్షింతల పళ్ళెం పట్టుకుని, ఫోన్ చొక్కా జేబులో. ఎవరికీ అడ్డం లేదు, పూజారి గారికి కోపం లేదు. నాలుగైదు ఫొటోల్లో నేనూ పడ్డాను, తలంబ్రాలు పోస్తూ.

పోయిన ఏడాది ఫోన్ పాతబడిందని పిల్లలు కొత్తది ఇచ్చారు. కెమెరా యాప్ కోసం వెతికితే లేదు. పేరు మారిందేమోనని చూశాను. ఆ కంపెనీ కొత్త యాప్ ఉంది కానీ మా కెమెరా దాని జాబితాలో లేదు. ఉత్తరం రాస్తే, ఆ మోడల్‌కి ఇక సహాయం లేదని మర్యాదగా జవాబిచ్చారు. కెమెరాకి ఒక్క గీత పడలేదు, లెన్సు కొత్తదానిలా ఉంది. పాత ఫోన్ మనవరాలికిచ్చాం, అది తొట్టిలో పడేసింది. నాకే ఇలా అయిందని కాదు. ఐ-ఫై కార్డులు కొన్నవాళ్ళకి 2016లోనే ఇది జరిగింది. పాత కార్డులకి సేవ ఆపేస్తున్నామని కంపెనీ చెప్పింది.

అదే వారం వంటింట్లో పని చేసే ఆడవాళ్ళందరితో ఫొటో దిగాలని అనుకున్నాం. మా పెద్దత్త యాభై ఏళ్ళుగా ప్రసాదం వండుతోంది. "నువ్వూ రా నాయనా, మీ నాయన లాగా ఎప్పుడూ అవతలే ఉండకు" అంది. సెల్ఫ్ టైమర్ పెట్టి పది సెకన్లలో పరుగెత్తాను. నా మోకాళ్ళకి పది సెకన్లు చాలలేదు. ఫొటోలో అందరూ బాగున్నారు, నేను సగం పొగలా ఉన్నాను. ఆ చలికాలంలో పెద్దత్త పోయింది.

తర్వాత నాయన బిస్కెట్ డబ్బా తీశాను. గాలి గొట్టం ఉంది, కానీ రబ్బరు గట్టిపడి, వంచితే పెంకులా విరిగింది. కేబుల్ రిలీజ్ కూడా ఉంది, ఒక మీటరు పొడవు, కొంచెం తుప్పు. మా అబ్బాయి దగ్గర ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ2 ఉంది, 2016లో వచ్చిన కెమెరా. దాని బటన్ మధ్యలో అదే రంధ్రం! నాయన తీగని తిప్పాను, బిగిసింది, నొక్కాను, ఫొటో పడింది. యాప్ కోసం నేను పడ్డ తిప్పలు చూసిన మా అబ్బాయి పెద్దగా నవ్వాడు. ఆ కెమెరాకి కూడా ఫోన్ యాప్ ఉంది. ఎన్నాళ్ళు ఉంటుందో మాత్రం అడగలేదు.

తీగతో చిక్కేమిటంటే మీటరే. అది పట్టుకుంటే కెమెరా పక్కనే నిలబడాలి, అంటే నేను మళ్ళీ ఫొటో బయటే. అందుకని కొత్త రబ్బరు గొట్టం తెప్పించాను, ఆరు మీటర్లది. ఇంకా తయారు చేస్తున్నారు, ఖరీదు కూడా తక్కువే. వరండాలో మనవరాలిని నిలబెట్టి మూడుసార్లు చూశాను, పని చేస్తోంది. ఉగాదికి గుడి ముందు అదే చోట అందరినీ నిలబెడదామని ఉంది. బంతిని చేత్తో నొక్కాలా, నాయన లాగా కాలితోనా, ఇంకా తేల్చుకోలేదు.